పెద్దవాడు, నడిపివాడు, చిన్నవాడు: యూనిక్సులో డిస్కుల పేర్ల కథ

తెలుగిళ్ళలో పిల్లవాడికి బారసాలనాడు పెట్టిన పేరు ఒకటైతే, ఇంట్లో పిలిచేది మరొకటి. పెద్దవాడు, నడిపివాడు, చిన్నవాడు – ఇవి నిజానికి పేర్లు కావు, వరసలు. ఇంటి గడప దాటనంతకాలం వీటితో చిక్కేమీ లేదు, పుట్టిన వరస మారేది కాదు కనుక. కానీ ఒక సత్రం యజమాని ఇదే పద్ధతిని తన దగ్గర దిగే బాటసారులకు వర్తింపజేశాడనుకోండి. ముందు వచ్చినవాడు పెద్దవాడు, ఆ తరవాత వచ్చినవాడు నడిపివాడు. నిన్న నడిపివాడికి అప్పిచ్చిన మనిషి ఇవాళ వచ్చి వేరెవరినో పట్టుకుని బాకీ వసూలు చేస్తాడు. లినక్సు కెర్నెలు డిస్కులకు పెట్టే పేర్లు సరిగ్గా ఈ సత్రం పేర్లే.

ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అన్న పేర్లలో చివరి అక్షరం డిస్కును గురించి ఏమీ చెప్పదు. కెర్నెలు కంటికి అది ఎన్నోదిగా కనబడిందో మాత్రమే చెబుతుంది. ఈ చిన్న సంగతి వల్ల ఎంత నష్టం జరగవచ్చో ఊహించడానికి ఒక ఉదాహరణ చాలు. ఒకాయన దగ్గర రెండు బయటి డిస్కులున్నాయి. ఒకదానిలో పాత పత్రికల పుటలు స్కాన్ చేసి పెట్టుకున్నాడు, రెండోదానిలో వాటి నకలు. ఎస్‌డీబీని అసలుగా, ఎస్‌డీసీని నకలుగా ఎంచి, అసలులో లేనివాటిని నకలులో తుడిచివేస్తూ రెంటినీ సమం చేయమని ఆర్‌సింక్ కమాండొకటి రాసుకున్నాడు. ఒకరోజు కరెంటు పోయి వచ్చింది. ఈసారి రెండో డిస్కు ముందుగా మేలుకుంది. పేర్లు తారుమారయ్యాయి. వారం కిందటి నకలు ఇప్పుడు అసలైంది, ఆ వారం రోజుల్లో స్కాన్ చేసిన పుటలు అదనపు చెత్తగా లెక్కకు వచ్చి తుడిచిపెట్టుకుపోయాయి. తెరమీద ఒక్క హెచ్చరిక కూడా రాదు. యంత్రం దృష్టిలో అన్నీ సవ్యంగానే జరిగాయి.

ఇటువంటి ప్రమాదాన్ని యూనిక్సు ప్రపంచం గుర్తించి సరిదిద్దుకోవడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. అది బుద్ధిలేక కాదు. మొదట్లో అది అసలు సమస్యే కాదు.

1971 నవంబరు 3 తేదీతో వెలువడిన యూనిక్సు మొదటి మాన్యువలులోనే డెవ్ డైరెక్టరీ ఉంది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు చేసిన గొప్ప సరళీకరణల్లో ఇదొకటి: డిస్కు, టేపు, టెర్మినల్ – అన్నీ ఫైళ్ళలాగే పేర్లు కలిగి ఉంటాయి, ఫైళ్ళను చదివినట్టే వాటిని చదవవచ్చు, ఫైళ్ళకున్న అనుమతులే వాటికీ వర్తిస్తాయి. ఈ మూడు లాభాలనూ వారిద్దరూ 1974లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో విడివిడిగా పేర్కొన్నారు కూడా. ఆ రోజుల్లో డిస్కు పేరు ఆర్‌కే0, ఆర్‌కే1 అన్నట్టుగా ఉండేది. ఆర్‌కే అన్నది డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ తయారుచేసిన డిస్కు నమూనా, తరవాతి అంకె అది ఎన్నో డ్రైవో చెప్పేది.

ఆ అంకెను నిర్ణయించేది ఎవరు? మనిషే, తన చేత్తో. డెక్‌టేపు డ్రైవుల ముందుభాగంలో వేలితో తిప్పే అంకెల చక్రం ఒకటి ఉండేది. చక్రాన్ని 3 దగ్గర నిలిపితే అది మూడో నంబరు డ్రైవు. తరవాత వచ్చిన ఆర్‌ఎల్ తరహా డిస్కు డ్రైవుల్లో అయితే నంబరు రాసి ఉన్న చిన్న ప్లగ్గును దీపం ఉన్నచోట గుచ్చేవారు. ప్లగ్గు మారిస్తే డ్రైవు నంబరు మారేది. అంటే పేరు పెట్టే అధికారం పూర్తిగా యంత్రం ఎదుట నిలబడ్డ ఆపరేటరుది. పేరు మారిందంటే మార్చిన మనిషి ఆ గదిలోనే ఉన్నాడన్నమాట.

ఇక్కడొక విశేషం గమనించదగ్గది. ఆర్‌కే05 డ్రైవులోని డిస్కు ఊడదీయడానికి వీలైనది. పెద్ద పళ్ళెమంత పెట్టెలో సుమారు 2.5 మెగాబైట్లు పట్టేవి. ఆర్‌కే1 అన్న పేరు డ్రైవుది, అందులో పెట్టిన డిస్కుది కాదు. లోపల ఏ డిస్కుందో తెలియాలంటే పెట్టె మీద అంటించిన కాగితం ముక్కను చూడాల్సిందే. ఇంటి నంబరు ఒకటి, ఇంట్లో అద్దెకున్నవారి పేరు మరొకటి అన్న తేడా మొదటినుంచీ ఉంది. ఆ కాగితం ముక్కను యంత్రం చదవగలిగేలా చేయడానికే తక్కిన చరిత్రంతా ఖర్చయిందనిపిస్తుంది నాకు.

యూనిక్సు లోపలి ఏర్పాటు కూడా ఈ విభజననే స్థిరపరచింది. డెవ్ డైరెక్టరీలోని ఫైలులో సమాచారమేమీ ఉండదు, రెండు సంఖ్యలు మాత్రం ఉంటాయి. మేజరు సంఖ్య ఏ డ్రైవరును పిలవాలో చెబుతుంది, మైనరు సంఖ్య ఆ డ్రైవరు కింద ఎన్నో పరికరమో చెబుతుంది. మనం చూసే పేరు ఆ సంఖ్యల మీద అంటించిన చీటీ మాత్రమే. ఎంకేనోడ్ అనే కమాండుతో నిర్వాహకుడు ఆ చీటీని తన ఇష్టం వచ్చినట్టు రాసుకోవచ్చు. కెర్నెలుకు పేర్లతో పనిలేదు, సంఖ్యలతోనే పని. చాలాకాలం ఇది బలమే.

1980లలో స్కజీ వచ్చింది. ఒకే తీగ మీద డిస్కులను వరసగా కలుపుతూ పోవచ్చు, ఒక్కొక్కదానికీ 0 నుంచి 7 వరకు ఒక సంఖ్యను జంపరుతోనో మీటతోనో కేటాయించాలి. ఇక్కడా మనిషి చెయ్యి ఇంకా ఉంది. ఆ సంఖ్యను డిస్కు పేరుగా ఎలా మలచాలన్న విషయంలో మాత్రం ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క దారి. సన్ కంపెనీ స్పార్క్‌స్టేషన్లలో 3 సంఖ్య గల డిస్కును సన్‌ఓఎస్ ఎస్‌డీ0 అని పిలిచేది. ఎందుకలా అని కొత్తవాళ్ళు తలగోక్కునేవారు. తరవాత సొలారిస్ 2 వచ్చాక దాన్ని సీ0టీ3డీ0 అన్నారు: సున్నా నంబరు కంట్రోలరు, మూడో గురి, సున్నా నంబరు డిస్కు. వినడానికి ఇంపుగా లేదు కానీ ఊరు, వీధి, ఇంటి నంబరు అన్నీ ఉన్న పూర్తి చిరునామా అది. పైగా సొలారిస్ ఏ భౌతిక దారికి ఏ నంబరిచ్చిందో ఒక ఫైలులో రాసుకుని మళ్ళీ బూటయినప్పుడు అదే నంబరిచ్చేది. ఐబీఎం వారి ఏఐఎక్స్ ఇంకొక అడుగు ముందుకు వేసి డిస్కు మీదనే ఒక గుర్తింపు సంఖ్యను రాసిపెట్టింది. డిస్కు ఏ తీగకు మారినా, ఏ వరసలో కనిపించినా ఆ సంఖ్యను బట్టి పోల్చుకునేది. ఖరీదైన యంత్రాలవారు ఈ సమస్యను ముందే చూశారు, వారి దగ్గర డిస్కులు ఎక్కువ కాబట్టి. ఒక్క డిస్కున్న ఇంట్లో ఇంటిపేర్లతో పనేముంది?

లినక్సు పుట్టింది అటువంటి ఒక్క డిస్కున్న ఇంట్లోనే. 1990లలో దాని పేర్ల పద్ధతిలో రెండు సంప్రదాయాలు పక్కపక్కనే నడిచాయి. మామూలు పీసీల్లోని ఐడీఈ డిస్కులకు హెచ్‌డీఏ, హెచ్‌డీబీ, హెచ్‌డీసీ, హెచ్‌డీడీ అని పేర్లు. ఇవి స్థానాన్ని బట్టి వచ్చినవి. మొదటి తీగమీది ప్రధాన డిస్కు ఎప్పుడూ హెచ్‌డీఏ, రెండో తీగమీది ప్రధాన డిస్కు ఎప్పుడూ హెచ్‌డీసీ. మధ్యలో హెచ్‌డీబీ లేకపోయినా హెచ్‌డీసీ ముందుకు జరగదు. ఖాళీ స్థలానికి కూడా ఇంటి నంబరు ఉన్నట్టు. స్కజీ డిస్కులకు మాత్రం కనిపించిన వరసలో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ. 0, 3, 5 సంఖ్యలు గల మూడు డిస్కులుంటే అవి ఏ, బీ, సీ అవుతాయి. మూడో సంఖ్య డిస్కు పాడైన రోజున ఐదో సంఖ్య డిస్కు ఎస్‌డీబీ అయిపోతుంది. పంక్తిభోజనంలో ఒకరు లేస్తే పక్కవారు జరిగి ఆ విస్తరి ముందు కూర్చున్నట్టు.

అప్పటికి స్కజీ డిస్కులు సర్వర్లలోనే ఉండేవి, నిర్వాహకులు జాగ్రత్తపరులు, కనుక లోకం మునిగిపోలేదు. ఆ తరవాత యూఎస్‌బీ వచ్చింది. యూఎస్‌బీ డిస్కులు లినక్సు లోపల స్కజీ పొర ద్వారానే పలుకుతాయి, కాబట్టి వాటికి కూడా ఎస్‌డీ పేర్లే దక్కాయి. కానీ యూఎస్‌బీ డిస్కు మీద జంపరు లేదు, చక్రం లేదు, ప్లగ్గు లేదు. నంబరు పెట్టే మనిషి చెయ్యి మొట్టమొదటిసారిగా కథలోంచి తప్పుకుంది. యంత్రం నడుస్తుండగానే డిస్కు వస్తుంది, పోతుంది. రెంటినీ హబ్బుకు తగిలించి పెడితే ఏది ముందు తిరగడం మొదలుపెడుతుందో అది పెద్దది. డెవ్ డైరెక్టరీ పుట్టిన ముప్పై ఏళ్ళకు దాని పునాది ఊహ – పరికరం ఉన్నచోటే ఉంటుందన్నది – కూలిపోయింది.

ఇంకొక ఇబ్బంది కూడా అదే సమయానికి ముదిరింది. మేజరు, మైనరు సంఖ్యలకు ఎనిమిదేసి బిట్లే. ఒక్కొక్క స్కజీ డిస్కుకు దాని విభాగాలతో కలిపి 16 మైనరు సంఖ్యలు పోతాయి, అంటే ఒక మేజరు సంఖ్య కింద 16 డిస్కులకు మించి పట్టవు. ఎవరికి ఏ సంఖ్య ఇవ్వాలన్న పట్టికను హెచ్. పీటర్ ఆన్విన్ నిర్వహించేవాడు. ఆ పట్టిక నిండుతూ వచ్చి, 2001లో లైనస్ టోర్వాల్డ్స్ కొత్త కేటాయింపులు ఆపేయమన్నాడు. మరోవైపు, ఏ పరికరం ఎప్పుడు వస్తుందో తెలియదు కనుక, రాగల పరికరాలన్నిటికీ ముందే ఫైళ్ళు సృష్టించి పెట్టడం ఆనవాయితీ. 2003 నాటి రెడ్‌హ్యాట్ 9లో డెవ్ డైరెక్టరీలో 18,000కు పైగా పేర్లుండేవి. యంత్రానికున్న పరికరాలు పాతికో యాభయ్యో. పెళ్ళికి రాని చుట్టాలందరికీ విస్తళ్ళు వేసినట్టు.

దీనికి మొదటి విరుగుడు డెవ్‌ఎఫ్‌ఎస్. రిచర్డ్ గూచ్ 1998 నుంచీ దాన్ని తీర్చిదిద్దుతూ వచ్చాడు, 2000 ఫిబ్రవరిలో అది 2.3.46 కెర్నెలులో చేరింది. ఉన్న పరికరాలకే పేర్లుంటాయి, కెర్నెలే ఆ పేర్లు పెడుతుంది. డిస్కు పేరు హోస్టు, బస్సు, టార్గెట్, లన్ అంటూ నాలుగంతస్తుల డైరెక్టరీల కింద ఉండేది. ఆలోచన మంచిదే. కానీ పేర్ల విధానాన్ని కెర్నెలులో పాతిపెట్టడం చాలామందికి నచ్చలేదు. పేరు నచ్చకపోతే కెర్నెలునే మార్చాలా అని వారి ప్రశ్న. పైగా లోపలి కోడులో రెండు పనులు ఒకదానితో ఒకటి పోటీపడి చెడే లోపాలున్నాయని ఆల్ వీరో ఘాటుగా విమర్శించాడు. గూచ్ క్రమంగా దూరమయ్యాడు. 2006లో 2.6.18 కెర్నెలు నుంచి డెవ్‌ఎఫ్‌ఎస్‌ను పూర్తిగా తీసివేశారు. ఒక మనిషి ఏళ్ళతరబడి మోసిన పని ఇలా చివరికి కోతకు గురవడం చూస్తే నాకెప్పుడూ కొంచెం బాధగానే ఉంటుంది. సమస్యను అందరికంటే ముందు పూర్తిగా చేపట్టింది ఆయనే కదా.

రెండో విరుగుడు యూడెవ్. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ 2003లో దీన్ని రాసి, ఆ ఏడాది జూలైలో ఒట్టావాలో జరిగిన లినక్సు సదస్సులో వ్యాసం సమర్పించాడు. ఇందులో కీలకమైన తలపు ఒక్కటే: కెర్నెలు తాను చూసింది చెబితే చాలు, పేరు పెట్టడం దాని పని కాదు. కొత్త డిస్కు వస్తే కెర్నెలు ఒక కబురు పంపుతుంది. దాని తయారీదారు, నమూనా, వరస సంఖ్య, ఏ పోర్టుకు తగిలించి ఉంది వంటి వివరాలను సిస్‌ఎఫ్‌ఎస్ అనే కొత్త చోట పరుస్తుంది. బయట మామూలు ప్రోగ్రాముగా నడిచే యూడెవ్ ఆ వివరాలను చదివి, నిర్వాహకుడు రాసిపెట్టుకున్న నియమాలను బట్టి పేరు పెడుతుంది. ఫలానా వరస సంఖ్య గల డిస్కు ఎప్పుడొచ్చినా దానికి గ్రంథాలయం అన్న పేరు కూడా తగిలించు అని ఒక్క పంక్తి రాసుకుంటే సరి. అంకెల చక్రం మళ్ళీ మనిషి చేతికి వచ్చింది.

(ఈ కథకు కొసరు: 2009 డిసెంబరులో వచ్చిన 2.6.32 కెర్నెలులో డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ అనేదొకటి చేరింది. కంప్యూటరు బూటయ్యే తొలి క్షణాల్లో యూడెవ్ ఇంకా మేలుకోకముందే మూల పేర్లను కెర్నెలే సృష్టించే ఏర్పాటది. డెవ్‌ఎఫ్‌ఎస్ దొడ్డిదారిన మళ్ళీ వచ్చిందని అప్పట్లో నవ్వుకున్నవారున్నారు. ఆ నవ్వులో కొంత న్యాయముంది. ఐతే ఈసారి కెర్నెలు పెట్టేది మూల పేరు మాత్రమే, నిలకడగల పేర్లన్నీ దానికి అదనంగా యూడెవ్ తగిలించే లంకెలు.)

నియమాలు ఎవరికివారు రాసుకోవడం పండితులకు సరే, తక్కినవారి మాటేమిటి? 2004లో సూసె కంపెనీకి చెందిన హన్నెస్ రైనెకె నిలకడగల డిస్కు పేర్లకు ఒక పథకం తయారుచేశాడు. ఇవాళ ఏ లినక్సు యంత్రంలోనైనా డెవ్ కింద డిస్క్ అనే డైరెక్టరీ తెరిస్తే కనిపించేది ఆ పథకమే. ఒకే డిస్కుకు అక్కడ నాలుగైదు పేర్లుంటాయి. బై-పాత్ అంటే ఎక్కడ తగిలించారో దాన్నిబట్టి. బై-ఐడీ అంటే కార్ఖానాలో ఇచ్చిన వరస సంఖ్యను బట్టి. బై-యూయూఐడీ అంటే ఫార్మాటు చేసినప్పుడు పుట్టిన సంఖ్యను బట్టి. బై-లేబెల్ అంటే యజమాని పెట్టిన పేరును బట్టి. చిరునామా, కార్ఖానా ముద్ర, జన్మసంఖ్య, ముద్దుపేరు – నాలుగింటిలో ఏది అసలు పేరన్న చర్చను పక్కనపెట్టి, నాలుగూ ఉంచేశాడు. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన నిర్ణయం ఇదే. సందర్భాన్ని బట్టి ఒకే మనిషిని ఇంటిపేరుతోనో, ఊరిపేరుతోనో, వరసపెట్టో పిలవడం మనకు కొత్తకాదు.

యూయూఐడీ సంగతి కొంచెం విడిగా చెప్పుకోవాలి. ప్రపంచంలో ఎవరినీ అడగకుండా, ఏ పట్టికలోనూ నమోదు చేయకుండా, అయినా ఎవరిదానితోనూ కలవని సంఖ్యను తయారుచేసుకోవడం ఎలాగన్నది ప్రశ్న. 1980లలో అపోలో కంప్యూటర్ కంపెనీ తన నెట్‌వర్కు వ్యవస్థ కోసం 128 బిట్ల సంఖ్యను రూపొందించింది. తరవాత అది డీసీఈ ప్రమాణంలోకి, అక్కడినుంచి విండోసులోకి, చివరికి 2005లో ఆర్‌ఎఫ్‌సీ 4122గా అంతర్జాల ప్రమాణాల్లోకి వచ్చింది. 2024లో ఆర్‌ఎఫ్‌సీ 9562 దాని స్థానం తీసుకుంది. ఇందులో మొదటి రకం సంఖ్య కాలాన్నీ యంత్రపు నెట్‌వర్కు కార్డు సంఖ్యనూ కలిపి తయారవుతుంది. ఆ కాలాన్ని లెక్కించేది 1582 అక్టోబరు 15 నుంచి, అంటే గ్రెగొరీ పంచాంగం అమలులోకి వచ్చిన రోజు నుంచి. మన సిద్ధాంతులు కలియుగాది నుంచి అహర్గణం లెక్కకట్టినట్టు, ఈ యంత్రాలు ఆనాటినుంచి సెకనులో కోటో వంతు చొప్పున లెక్కపెట్టుకుంటూ వస్తున్నాయి. నాలుగో రకానికి ఇదేమీ అక్కరలేదు. 122 బిట్లు యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది, రెండు చోట్ల ఒకటే రావడం దాదాపు అసంభవం. లినక్సు ఫైల్ వ్యవస్థలకు ఇచ్చేది సాధారణంగా ఈ రకమే. ఎక్స్‌ట్2 ఫైల్ వ్యవస్థకు దీన్ని అలవాటు చేసి, అందరూ వాడుకునే లైబ్రరీని రాసినవాడు థియొడోర్ సో.

పెన్‌డ్రైవుల్లో వాడే ఫ్యాట్‌కు ఇంత పెద్ద సంఖ్య లేదు. 1988లో డాస్ 4.0తో వచ్చిన 32 బిట్ల సంఖ్య ఒకటుంది, దాన్నే లినక్సు యూయూఐడీ స్థానంలో చూపిస్తుంది. నాలుగు అక్కరాలు, ఒక అడ్డగీత, మళ్ళీ నాలుగు. అది ఫార్మాటు చేసిన తేదీనీ సమయాన్నీ బట్టి పుడుతుంది. జన్మనక్షత్రాన్ని బట్టి నామాక్షరం తీసినట్టే.

ఈ పద్ధతులు పుస్తకాల్లోంచి ఇళ్ళలోకి వచ్చింది ఒక కుదుపు వల్ల. 2006 నవంబరు నాటి 2.6.19 కెర్నెలులో, పాత ఐడీఈ డిస్కులను కూడా లిబ్‌ఏటీఏ అనే కొత్త పొర ద్వారా నడిపే డ్రైవర్లు చేరాయి. ఆ పొర స్కజీ ఇంటిలోనిది. కనుక నిన్నటి హెచ్‌డీఏ ఇవాళ ఎస్‌డీఏ. 2007లో ఫెడోరా 7 ఈ మార్పును తెచ్చినప్పుడు, ఎఫ్‌స్టాబ్ ఫైలులో హెచ్‌డీఏ అని రాసుకున్నవారి యంత్రాలు తమ డిస్కునే పోల్చుకోలేని స్థితి. ఐడీఈ పద్ధతిలో ఒక డిస్కును 63 ముక్కలు చేయవచ్చు, స్కజీ పద్ధతిలో అప్పటికి 15కు మించి కుదరదు, ఆ పైవి ఉన్నవారి అవస్థ వేరే. ఉబుంటు కొంచెం ముందుచూపుతో 2006 అక్టోబరు నాటి 6.10లోనే ఎఫ్‌స్టాబ్‌ను యూయూఐడీలకు మార్చింది. అంతకుముందు రెడ్‌హ్యాట్ లేబెళ్ళను వాడేది, కానీ దాని ఇన్‌స్టాలరు ప్రతి యంత్రంలోనూ మూల విభాగానికి ఒకే లేబెల్ పెట్టేది. ఒక యంత్రపు డిస్కును ఇంకొక యంత్రానికి తగిలిస్తే ఇద్దరూ అదే పేరుతో పలికేవారు. తాతపేరు పెట్టుకున్న మనవలంతా ఒకే పెళ్ళికి వచ్చినట్టు. పాత ఐడీఈ కోడును 2021లో 5.14 కెర్నెలు నుంచి తీసివేయడంతో హెచ్‌డీఏ అన్న పేరు చరిత్రలో కలిసింది.

ఇప్పటి కెర్నెళ్ళు బూటయ్యేటప్పుడు డిస్కులను ఒకదాని తరవాత ఒకటిగా కాక ఏకకాలంలో పలకరిస్తాయి. అందువల్ల బయటి డిస్కులే కాదు, లోపల బిగించినవి కూడా ఒక బూటుకూ మరో బూటుకూ పేర్లు మార్చుకోవచ్చు. ఎస్‌డీఏ అంటే కంప్యూటరులో ఉన్న డిస్కు, ఎస్‌డీబీ అంటే బయటిది అన్న పాత నమ్మకం ఇక పనికిరాదు.

బీఎస్‌డీ కుటుంబం వేరే దారుల్లో ఇదే గమ్యానికి చేరింది. ఫ్రీబీఎస్‌డీలో ఫలానా బస్సు మీది ఫలానా సంఖ్య డిస్కే డీఏ0 అని కట్టిపడేసే వీలు మొదటినుంచీ ఉంది. 2004లో 5.3తో వచ్చిన జీలేబెల్ డిస్కు చిట్టచివరి సెక్టారులో యజమాని పెట్టిన పేరు రాసిపెడుతుంది. 2012లో 9.0 వచ్చినప్పుడు వారికీ మన హెచ్‌డీఏ కుదుపులాంటిదే తగిలింది, ఏడీ4 అన్నవి ఏడీఏ0 అయ్యాయి. ఐతే వారు పాత పేర్లకు లంకెలు వేసిపెట్టారు. ఓపెన్‌బీఎస్‌డీ 2010లో 4.8తో డిస్కు మొత్తానికి ఒకే 64 బిట్ల సంఖ్యను ఇచ్చి, దానికి విభాగపు అక్షరాన్ని చేర్చి ఎఫ్‌స్టాబ్‌లో రాసుకోమంది. వారి తక్కిన పనుల్లాగే పొదుపుగా, ముక్కుసూటిగా ఉంది. మాక్ ఓఎస్‌లో వాల్యూము పేరే పేరు. ఒకే పేరుతో రెండు డిస్కులు తగిలిస్తే రెండోదాని చివర 1 చేరుతుంది.

ఇంత చేసినా గుర్తింపు చిక్కులు పూర్తిగా తీరలేదు. డీడీ కమాండుతో డిస్కును ఉన్నదున్నట్టు ప్రతి తీస్తే యూయూఐడీ కూడా ప్రతి అవుతుంది. ఎప్పటికీ ఒక్కటే ఉండాల్సిన సంఖ్య ఇప్పుడు రెండు చోట్ల. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఐతే రెండోదాన్ని మౌంటు చేయడానికి ఒప్పుకోదు. ప్రత్యేకంగా చెబితేనే వింటుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ విషయంలో ఇది మరింత ప్రమాదకరం, ఏ డిస్కుకు రాస్తున్నదో దానికే తెలియని పరిస్థితి రావచ్చు. ప్రతి తీసిన వెంటనే ఒకదానికి కొత్త సంఖ్య ఇవ్వడం, లేదా రెంటినీ ఒకేసారి తగిలించకపోవడం తప్ప మార్గం లేదు.

కార్ఖానా వరస సంఖ్య మాటకొస్తే, యూఎస్‌బీ నిల్వ పరికరాల ప్రమాణం ప్రతి పరికరానికీ కనీసం 12 అంకెల ప్రత్యేక సంఖ్య ఉండాలంటుంది. చవక పెట్టెలు తయారుచేసేవారిలో ఆ నియమాన్ని పట్టించుకోనివారు చాలామంది. ఒకే సంఖ్యను వేల పెట్టెల్లో ముద్రించిన సందర్భాలున్నాయి. అదీగాక చాలాసార్లు బై-ఐడీలో కనిపించేది పెట్టెలోని చిప్పు సంఖ్య, లోపలి డిస్కుది కాదు. డిస్కును తీసి వేరే పెట్టెలో పెడితే పేరు మారిపోతుంది. ఆర్‌కే05 నాటి డ్రైవుకూ డిస్కుకూ ఉన్న తేడా యాభై ఏళ్ళ తరవాత మళ్ళీ ఎదురైంది చూడండి.

కనుక నా సలహా అడిగితే, బయటి డిస్కుకు ఎఫ్‌స్టాబ్‌లో యూయూఐడీ వాడండి, నోఫెయిల్ అన్న మాట చేర్చండి. అది లేకపోతే డిస్కు తగిలించని రోజున సిస్టమ్‌డీ ఉన్న యంత్రాలు ఒకటిన్నర నిమిషం ఎదురుచూసి, ఆపైన అత్యవసర స్థితిలో ఆగిపోతాయి. నకలు తీసే స్క్రిప్టు మొదటి పంక్తిలో మౌంట్‌పాయింట్ అనే కమాండుతో డిస్కు నిజంగా అక్కడ ఉందో లేదో చూసుకోండి. లేకుంటే ఖాళీ డైరెక్టరీలోకి నకలు పోసి, లోపలి డిస్కును నింపిపెడుతుంది. డీడీ వంటి కమాండులకు ఎస్‌డీ పేరు ఇవ్వకుండా బై-ఐడీలోని నిడుపాటి పేరే ఇవ్వండి. టైపు చేయడం కష్టమే, కానీ అందులో డిస్కు కంపెనీ, నమూనా కంటికి కనబడతాయి.

చదవగలిగే పేరు కావాలంటే లేబెల్ ఉంది. తెలుగులో రాసేవాళ్ళం కదా, లేబెల్ కూడా తెలుగులో పెడదామంటే ఒక లెక్క చూసుకోవాలి. ఎక్స్‌ట్ కుటుంబంలో లేబెల్‌కు ఉన్న చోటు 16 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, పొల్లుకీ తలా మూడు బైట్లు. అంటే ఐదు గుర్తులు పడతాయి. కథలు అన్న మాట నాలుగు గుర్తులు, 12 బైట్లు, హాయిగా పడుతుంది. పాటలు 15 బైట్లు, సరిగ్గా ఒదుగుతుంది. కవితలు మాత్రం 18. పదహారో బైటు దగ్గర కోత పడి, కవితల అన్నది మిగిలి, చివరి కొమ్ము మూడు ముక్కలై అందులో ఒక ముక్క తోకకు వేలాడుతూ ఉంటుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో ఉన్నదే 12 బైట్లు, అక్కడ కథలకే గాని పాటలకు చోటు లేదు. ఫ్యాట్‌లో 11 బైట్లు, అందులో తెలుగుకు ప్రవేశమే లేదు. ఎక్స్‌ఫ్యాట్ కొంత నయం, 11 యూటీఎఫ్-16 గుర్తులు కనుక పుస్తకాలు అన్న తొమ్మిది గుర్తుల మాట పూర్తిగా పడుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 32. అన్నిటికంటే విశాలమైన చోటు ఫైల్ వ్యవస్థలో కాక జీపీటీ విభాగాల పట్టికలో ఉంది, ఒక్కొక్క విభాగానికి 36 గుర్తుల పేరు పెట్టుకోవచ్చు. ఆంధ్రమహాభారతము అని నిక్షేపంగా రాయవచ్చు. విభాగాన్ని మళ్ళీ ఫార్మాటు చేసినా ఆ పేరు చెరగదు, బై-పార్ట్‌లేబెల్ డైరెక్టరీలో తెలుగు లిపిలోనే కనిపిస్తుంది.